అందరి పేరూ జార్జే

2003-04 ప్రాంతంలో హైదరాబాదులో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సాయంత్రం మనం ఆఫీసు నుంచి ఇంటికొస్తుంటే కాల్ సెంటర్ క్వాలిస్‌లు ఎదురొచ్చేవి. మన పని అయిపోయేసరికి వాళ్ళ పని మొదలు. వాళ్ళ మీద మన సాఫ్టువేరు జనాలు వేసుకున్న జోకులకి లెక్కలేదు. పగలు సుజాత, రాత్రి సూజన్. పగలు హరిబాబు, రాత్రి హ్యారీ. ఆ జోకుల వెనకాల కాస్త చిన్నచూపూ ఉండేదనుకోండి. మనం ఇంజనీర్లం, వాళ్ళు ఫోనెత్తేవాళ్ళు!

ఈ పేర్ల మార్పిడి మన దగ్గరే పుట్టిన విడ్డూరమనీ, అవుట్‌సోర్సింగుతో వచ్చిన జబ్బనీ చాలామంది అనుకుంటారు. కాదు. దీనికి ఒక ముత్తాత ఉన్నాడు. ఆయన పేరు జార్జ్. అంటే అది ఆయన పేరు కాదు, అదే అసలు కథ.

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది, బానిసత్వం చట్టప్రకారం రద్దయింది. రెండేళ్ళకి, 1867లో, జార్జ్ పుల్‌మన్ అనే షికాగో వ్యాపారి పడక రైలు పెట్టెల కంపెనీ పెట్టాడు. మెత్తటి పరుపులు, తివాచీలు, చెక్కపని, ఒక మోస్తరు డబ్బున్నవాడు కూడా ఒక రాత్రికి జమీందారులా ప్రయాణం చెయ్యొచ్చన్నమాట. జమీందారీ అన్నాక నౌకరు ఉండాలి కదా. అందుకని ప్రతి పెట్టెకీ ఒక పోర్టరుని పెట్టాడు. ఆ పోర్టర్లుగా కావాలనే నల్లవాళ్ళని, అందులోనూ అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళని తీసుకున్నాడు. పరాయివాళ్ళకి సేవ చేయడం వీళ్ళకి అలవాటే, జీతం తక్కువిచ్చినా వస్తారు, ఇదీ లెక్క.

పోర్టరు పనేమిటి? పెట్టెలు మొయ్యడం, రాత్రి పక్కలు పరచడం, పొద్దున మడవడం, బూట్లకి పాలిష్, కోటుకి బ్రష్, తాగి పడిపోయినవాడిని పడుకోబెట్టడం, ఏడ్చే పిల్లల్ని సముదాయించడం, తెల్లవారుజామున మూడింటికి దిగాల్సినవాడిని మూడింటికే లేపడం. తను పడుకునేది మాత్రం మగవాళ్ళ సిగరెట్ల గదిలో ఉన్న సోఫా మీద, ఏ మూడు నాలుగు గంటలో. అదీ గంట మోగకపోతేనే. పూర్తి జీతం రావాలంటే నెలకి 11,000 మైళ్ళు తిరగాలి, లేదా 400 గంటలు పని చెయ్యాలి. రైలు కదలకముందు పెట్టెని సిద్ధం చేసే సమయానికి జీతం లేదు. తువ్వాలు పోతే అతని జీతంలో కోత. బూట్ పాలిష్ కూడా తన డబ్బుతోనే కొనుక్కోవాలి.

ఇంతా చేస్తే 1915లో అతని కనీస జీతం నెలకి 27 డాలర్ల 50 సెంట్లు. ఆ సంవత్సరం ప్రభుత్వ కమిషన్ ఒకటి ఈ సంగతి విచారించింది. టిప్పులొస్తాయి కదా అన్నదే కంపెనీ ధీమా. ఇక్కడో చేదు ముచ్చట చెప్పుకోవాలి. పుల్‌మన్ 1897లో పోయాక ఆ కంపెనీకి 1911 దాకా అధ్యక్షుడిగా ఉన్నది రాబర్ట్ టాడ్ లింకన్. అవును, ఆ లింకన్ గారి కొడుకే.

టిప్పు మీద బతకడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. జీతం సగం కంపెనీ దగ్గర, సగం ప్రయాణికుడి జేబులో. ఆ జేబు తెరుచుకోవాలంటే నవ్వాలి. బాగా నిద్రొస్తున్నా నవ్వాలి, "ఒరేయ్" అన్నా నవ్వాలి. పక్కలు పరిచినందుకు కంపెనీ జీతమిస్తుంది, మాట పడ్డందుకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వరు, పడకపోతే మాత్రం టిప్పు పోతుంది. పైగా కంపెనీ మామూలు ప్రయాణికుల వేషంలో గూఢచారుల్ని ఎక్కించేది, పోర్టరు ఎలా నడుచుకుంటున్నాడో రాసి పంపడానికి. మనవాళ్ళు ఇప్పుడు "మిస్టరీ షాపర్" అని మురిసిపోతుంటారే, అదే :-)

ఇక పేరు. ప్రయాణికులు ప్రతి పోర్టరునీ "జార్జ్" అనే పిలిచేవారు. ఎందుకంటే యజమాని పేరు జార్జ్ పుల్‌మన్. బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు రైలెక్కింది. ఈ పిలుపు మీద మొదట గొడవ చేసినవాళ్ళలో కొందరు ఎవరో తెలుసా? జార్జ్ అనే పేరున్న తెల్లవాళ్ళు! జార్జ్ డులానీ అనే కలప వ్యాపారి 1914లో "పడక పెట్టెల పోర్టర్లని జార్జ్ అని పిలవడాన్ని నివారించే సంఘం" ఒకటి పెట్టాడు, సగం వేళాకోళంగా. తమ పేరు పరువు పోతోందని వాళ్ళ బాధ, పోర్టరు పేరు పోయిందని కాదు. చివరికి 1926లో పుల్‌మన్ కంపెనీ డ్యూటీలో ఉన్న పోర్టరు అసలు పేరు రాసిన చిన్న కార్డు ప్రతి పెట్టెలోనూ పెట్టడానికి ఒప్పుకుంది. అప్పుడు లెక్క తీస్తే 12,000 మంది పోర్టర్లు, వెయిటర్లలో నిజంగా జార్జ్ అనే పేరున్నవాళ్ళు 362 మంది.

నవ్వుకునే ముందు మన ఇరానీ హోటళ్ళు గుర్తు తెచ్చుకోండి. యాభై ఏళ్ళ మనిషి చాయ్ తెచ్చినా "ఛోటూ" అనే కదా మనం పిలిచేది.

పోర్టర్లు 1925 ఆగస్టు 25న న్యూయార్క్ హార్లెంలో యూనియన్ పెట్టుకున్నారు. నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. ఆయన పోర్టరు కాదు, అదే మేలైంది, కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి పీకలేదు. వాళ్ళ కోరికల్లో నాకు చాలా నచ్చినది ఒకటుంది. నెలకి 150 డాలర్ల జీతమివ్వండి, 240 గంటలే పని ఉండాలి అంటూనే, టిప్పులు తీసెయ్యండి అన్నారు. వచ్చే డబ్బుని వద్దనడమేంటి అనిపిస్తుంది. కానీ అందులో లెక్క ఉంది. జీతమంతా కంపెనీ నుంచే వస్తే పక్క పరిచే పని మిగులుతుంది, పళ్ళికిలించే పని పోతుంది. పన్నెండేళ్ళు పోరాడారు, 1928లో సమ్మెకి పిలుపిచ్చి వెనక్కి తగ్గాల్సి వచ్చింది, ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1937 ఆగస్టు 25న, సరిగ్గా పన్నెండో పుట్టినరోజున, కంపెనీ సంతకం పెట్టింది. జీతం పెరిగింది, గంటలు తగ్గాయి. టిప్పులు మాత్రం పోలేదు.

రైలు నుంచి టెలిఫోనుకి వద్దాం, ఎందుకంటే మన కాల్ సెంటర్‌కి రక్తసంబంధం దానితోనే.

1878లో అమెరికాలో ఎక్స్ఛేంజీలు మొదలైనప్పుడు తీగలు కలిపే పనికి కుర్రాళ్ళని పెట్టారు. టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో ఆ పనులు వాళ్ళే చేసేవారు కాబట్టి. వాళ్ళేమో చందాదారులు ఒకటంటే రెండనేవారు. అవతలివాడు తిడితే తిట్టేవారు, విసుగు పుడితే తప్పు లైన్లు కలిపి తమాషా చూసేవారు. (నాకు వీళ్ళంటే ఎందుకో గౌరవం.) లాభం లేదని బోస్టన్‌లో 1878 సెప్టెంబర్ 1న ఎమ్మా నట్ అనే ఆవిడని తీసుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ అంటారు. వారానికి 54 గంటలు, నెలకి 10 డాలర్లు. ఆవిడ గొంతు, ఓర్పు చందాదారులకి తెగ నచ్చాయి. 33 ఏళ్ళు ఆ ఉద్యోగమే చేసింది. కొన్నేళ్ళలో కుర్రాళ్ళు పోయి ఆ పనంతా ఆడవాళ్ళ పనైపోయింది. ఎందుకయ్యా అంటే ఆడవాళ్ళకి సహజంగా ఓర్పెక్కువ అన్నారు. సహజంగా వచ్చేదానికి జీతం ఎందుకివ్వాలి? చూశారా మెలిక. ఓర్పుని నైపుణ్యం అంటే దానికి ధర కట్టాలి. స్వభావం అంటే ఊరికే వస్తుంది.

ఊరికే రాదని 1907లో టొరొంటోలో తేలింది. అక్కడ బెల్ కంపెనీ ఆపరేటర్ల షిఫ్టుని 5 గంటల నుంచి 8 గంటలకి పెంచింది. నెల జీతం పెరిగింది గానీ గంటల లెక్కన చూస్తే తగ్గింది. 400 మందికి పైగా అమ్మాయిలు పని మానేశారు. ప్రభుత్వం విచారణ వేసింది. విచారించిన ఇద్దరిలో ఒకరు మెకెంజీ కింగ్, తర్వాత రోజుల్లో కెనడా ప్రధానమంత్రి అయ్యాడు. డాక్టర్లని పిలిచి అడిగారు. హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుని, వెనక సూపర్వైజర్ నడుస్తుండగా, ఎవరు విసుక్కున్నా రాసిచ్చిన మాటలే పలుకుతూ గంటల తరబడి ఉండడం నరాల మీద ఎంత ఒత్తిడి పెడుతుందన్నది విచారణలో పెద్ద అంశమైంది. కూర్చుని చేసే పని కూడా మనిషిని అరగదీస్తుందని ఒక ప్రభుత్వ నివేదిక గుర్తించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. సమ్మె గెలిచిందని మాత్రం చెప్పలేం.

సరిగ్గా ఆ కాలంలోనే మన పక్షం మనిషి ఒకడు రంగంలోకి దిగాడు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్. మనలో కొందరికి ఈ పేరు ప్రోగ్రామింగ్ భాషగా తెలుసు, ఆ భాషకి ఈయన పేరే పెట్టారు. గంటకి ఇన్ని కాల్స్ వస్తే ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు కావాలి అన్నదానికి 1909లో మొదటి పేపరు, 1917లో ప్రసిద్ధమైన సూత్రాలు రాశాడు. నేటికీ కాల్ సెంటర్ సిబ్బంది లెక్కలకి పునాది అదే.

ఒక ఉదాహరణ వేద్దాం. గంటకి 100 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు. మొత్తం 300 నిమిషాల మాట, అంటే ఐదుగురు ఊపిరాడకుండా చేసే పని. ఐదుగురినే పెడితే క్యూ పెరుగుతూనే పోతుంది. ఆరుగురైతే కస్టమర్ సగటున పావుతక్కువ రెండు నిమిషాలు ఆగాలి. ఏడుగురైతే అర నిమిషం. ఆరా, ఏడా? మేనేజర్ తల బద్దలుకొట్టుకునేది ఇక్కడే. ఆరుగురైతే ఒక్కొక్కరికి కాల్‌కీ కాల్‌కీ మధ్య సగటున దొరికేది 36 సెకన్లు.

ఎర్లాంగ్ గారిని తప్పు పట్టడం లేదు. ఆయన తీగల గురించి లెక్క వేశాడు, లెక్క అద్భుతం. కానీ ఆ సూత్రంలో కాల్‌కి పొడుగు ఒక్కటే ఉంది. థాంక్యూ అమ్మా అన్న మూడు నిమిషాలూ, అమ్మనా బూతులు తిట్టిన మూడు నిమిషాలూ ఒకటే. రెండో రకం కాల్ తర్వాత మనిషికి మంచినీళ్ళు తాగాలనిపిస్తుంది, చెయ్యి వణుకుతుంది. 36 సెకన్లకి టంగుమని ఇంకో కాల్. గొంతులో నవ్వు మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. 1973లో రాక్‌వెల్ కంపెనీ కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ కోసం కాల్స్‌ని తనంతట తానే పంచిపెట్టే గెలాక్సీ అనే యంత్రం చేశాక, మధ్యలో కాస్త కనికరించే సూపర్వైజర్ అవసరం కూడా లేకుండా పోయింది.

ఈ లెక్కలో లేనిదానికి ఒక పేరంటూ రావడానికి 1983 దాకా పట్టింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో సామాజికశాస్త్రం చెప్పే ఆర్లీ హాక్‌షీల్డ్ "ద మేనేజ్డ్ హార్ట్" అనే పుస్తకం రాసింది. డెల్టా ఎయిర్‌లైన్స్ వాళ్ళు అట్లాంటాలో ఎయిర్ హోస్టెస్‌లకి ఇచ్చే శిక్షణని దగ్గర కూర్చుని చూసింది. విమానాన్ని మీ ఇంటి హాలు అనుకోండి, వచ్చినవాళ్ళు మీ అతిథులు. ఎవడైనా అరిస్తే వాడు చిన్నపిల్లాడనుకోండి, భయపడుతున్నాడనుకోండి. అంటే ఉత్తినే నవ్వితే చాలదు, లోపల కోపమే రాకుండా చేసుకోవాలి. మొదటిది పైనటన, రెండోది లోనటన. ఈ పనికి ఆవిడ పెట్టిన పేరు ఎమోషనల్ లేబర్, భావశ్రమ అనుకుందాం. నటులకైతే తెర పడుతుంది, వీళ్ళకి పడదు. ఇంటికెళ్ళాక కూడా మొహం మీద నవ్వు దిగడం లేదన్న ఎయిర్ హోస్టెస్‌లు ఆ పుస్తకంలో ఉన్నారు. 1978లో అమెరికా విమానరంగం మీద నియంత్రణలు ఎత్తేశాక పోటీ పెరిగి, ప్రయాణికులు కిక్కిరిసి, ఒక్కొక్కరికి ఇచ్చే సమయం తగ్గిపోయింది. నవ్వు మాత్రం అంతే ఉండాలన్నారు. కొందరు ఎయిర్ హోస్టెస్‌లు నిరసనగా నవ్వు సైజు తగ్గించారట!

ఆవిడ అక్కడితో ఆగకుండా బాకీలు వసూలు చేసేవాళ్ళనీ చూసింది. వాళ్ళ ఉద్యోగం తిరగేసిన ఉద్యోగం. వాళ్ళు జాలిని అణుచుకోవాలి, కోపాన్ని తెచ్చిపెట్టుకోవాలి. ఇదీ భావశ్రమే. క్రెడిట్ కార్డు బాకీ కోసం మనకి ఫోన్ చేసి కసురుకునే కుర్రాడు కూడా స్క్రిప్టు చదువుతున్నాడని గుర్తుంచుకుంటే మన బీపీకి మంచిది.

ఇప్పుడు మళ్ళీ మన సుజాత దగ్గరకి. 1997లో జీఈ సంస్థ గుర్‌గావ్‌లో పెట్టిన కేంద్రంతో ఈ రంగం మన దేశంలో ఊపందుకుంది (2005లో అదే జెన్‌పాక్ట్ అయింది). కొద్ది ఏళ్ళలో హైదరాబాదుకీ వచ్చింది. పుల్‌మన్ పోర్టరు నుంచి, టెలిఫోన్ అమ్మాయి నుంచి, ఎయిర్ హోస్టెస్ నుంచి ఒక్కోటి తీసుకుని అన్నీ ఒక్క మనిషి నెత్తిన పెట్టారు. పేరు మార్చడం పోర్టరుది, రాసిచ్చిన మాటలు ఆపరేటర్‌వి, గొంతులో నవ్వు ఎయిర్ హోస్టెస్‌ది. పైన కొత్తవి రెండు: యాస మార్చడం, రాత్రిని పగలు చేసుకోవడం.

మా పిన్ని కూతురు డిగ్రీ అవగానే 2004లో అందులో చేరింది. తొమ్మిది వేల జీతం అప్పట్లో ఆ ఇంటికి చాలా పెద్దది, తమ్ముడి ఫీజు దాంతోనే కట్టారు. "పేరు మార్చినందుకు నాకేం బాధ లేదన్నయ్యా. తిట్లన్నీ ఆ సూజన్‌కే పోతాయి, నాకు కాదు" అనేది. నేనది విని తెలివైన పిల్ల అనుకున్నాను. హాక్‌షీల్డ్ చదివాక అర్థమైంది, అది తెలివి మాత్రమే కాదు, గాయం తగలకుండా కట్టుకున్న కట్టు. అది అమెరికాలో ఎన్నికల సంవత్సరం, ఉద్యోగాలు ఇండియాకి పోతున్నాయన్నది అక్కడ పెద్ద రాజకీయం. కాలర్లు సగం మాటల్లో గొంతు పట్టేసి "నువ్వు ఏ దేశంలో ఉన్నావ్" అని మొదలెట్టేవారట. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అలాగ. అత్త ఎక్కడో బోర్డు రూములో ఉంది. ఫోన్లో దొరికింది దుత్త. రెండున్నరేళ్ళు చేసి మానేసింది. కిరణ్ మిర్చందానీ అనే పరిశోధకురాలు మన కాల్ సెంటర్ల మీద 2012లో రాసిన పుస్తకానికి "ఫోన్ క్లోన్స్" అని పేరు పెట్టింది. అంతకంటే మంచి పేరు నాకు తట్టలేదు.

నేను కూడా కొన్నాళ్ళు ఒక కాల్ సెంటర్ సాఫ్టువేర్ మీద పనిచేశాను. క్లయింటు పేరు అనవసరం. అందులో ఏజెంటు స్క్రీన్ మీద హోల్డ్ ఉంది, ట్రాన్స్‌ఫర్ ఉంది, కాల్ కట్ చేసే బటన్ లేదు. కట్ చేసే హక్కు కస్టమరుది, లేదా సూపర్వైజరుది. మా టీములో ఒకమ్మాయి మీటింగులో "మరి అవతలివాడు బూతులు మాట్లాడితే?" అని అడిగింది. అది రిక్వైర్‌మెంట్‌లో లేదన్నారు. నిజమే, లేదు. టాపిక్ మారిపోయింది.

రిక్వైర్‌మెంట్‌లో రాసిన దేశం ఒకటుంది. దక్షిణ కొరియాలో 2018 అక్టోబర్ నుంచి, కస్టమర్లతో పనిచేసేవాళ్ళని బూతుల నుంచి, బెదిరింపుల నుంచి కాపాడాల్సిన బాధ్యత యజమానిదే అని చట్టం చేశారు. అలాంటి కాల్ తర్వాత పని ఆపి విశ్రాంతి ఇవ్వాలి, కాల్ కలిసే ముందు మర్యాదగా మాట్లాడమని కస్టమరుకి చెప్పాలి. 1983లో ఒక ప్రొఫెసర్ పెట్టిన పేరు 35 ఏళ్ళకి చట్టం దాకా వెళ్ళిందన్నమాట. టోక్యో నగర ప్రభుత్వం కూడా కస్టమర్ల వేధింపుల మీద 2025 ఏప్రిల్ నుంచి నిబంధన అమలు చేసింది. మన దగ్గర బాకీల ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో చెప్పింది. మంచిదే. అది మనల్ని వాళ్ళ నుంచి కాపాడటానికి. వాళ్ళని మన నుంచి కాపాడటానికి కొరియా తరహా చట్టమేదీ మనకి లేదు.

మనవైపు జరుగుతున్నది వేరు. 2025లో టెలిపెర్ఫార్మెన్స్ అనే ఫ్రెంచ్ కంపెనీ, ఇండియాలోని తన ఏజెంట్ల యాసని కాల్ నడుస్తుండగానే మార్చేసే సానస్ అనే ఏఐ సాఫ్టువేర్ వాడుతున్నట్టు ప్రకటించింది. యాస శిక్షణ బాధ తప్పుతుంది, తిట్లు తగ్గుతాయి అంటున్నారు. తగ్గొచ్చు కూడా. ఏజెంటు గొంతు విని "కాస్త సానుభూతి చూపించు" అని స్క్రీన్ మీద గుర్తుచేసే సాఫ్టువేర్లు అంతకుముందే వచ్చాయి. అవతలివాడి గొంతు విని "కాస్త తగ్గు" అని వాడికి చెప్పేది మాత్రం నేనెక్కడా చూడలేదు. సాంకేతికంగా కష్టమేమీ కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీలో ఎవరైనా ఇలాంటి సిస్టమ్స్ మీద పనిచేస్తుంటే ఒక్క సంగతి చూసి చెప్పండి. మీ ఏజెంటు స్క్రీన్ మీద కాల్ కట్ చేసే బటన్ ఉందా? ఉంటే, దాన్ని నొక్కినవాళ్ళ పేరు ఏ రిపోర్టులోకి వెళ్తుంది?